పరదేశపు మంట, వంశధార మట్టి: సిరామిక్ కళాకారులకు విదేశం నేర్పేదేమిటి?

క్లుప్తంగా: సిరామిక్ కళాకారుల పరిచయాల్లో 'విదేశాల్లో ఉండగా స్ఫూర్తి పొందారు' అనే మాట దాదాపు తప్పనిసరిగా కనిపిస్తుంది. ఆ స్ఫూర్తిలో ఆకారాలకు, రంగులకు ఉన్న పాలు తక్కువ, మంటను అదుపు చేసే విద్యకు ఉన్న పాలు ఎక్కువ. ఆ విద్యను వెంట తెచ్చుకోవచ్చు గానీ మట్టిని తెచ్చుకోలేరు. తిరిగి వచ్చాక సొంత ఊరి మట్టి దగ్గర మళ్లీ ఓనమాలు దిద్దుకోవాల్సిందే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మట్టికి, రాళ్లకు, ఊకకు, జాడీలకు ఈ మాట ఎలా వర్తిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సిక్కోలు, విజయనగరం వైపు వారపు సంతల్లో ఎండాకాలం నీళ్లకుండ కొనేవారు దాన్ని వేలి కణుపుతో కొట్టి, మోత విని, బేరమాడి తీసుకుంటారు. అదే జిల్లా నుంచి వెళ్లి ఏ జపాన్‌లోనో కొరియాలోనో నాలుగేళ్లు మట్టి పని నేర్చుకున్న మనిషి చేసిన కప్పు ధర చూస్తే మాత్రం ముక్కున వేలేసుకుంటారు. 'రెండూ మట్టే కదా' అనే ప్రశ్న న్యాయమైనదే. దానికి 'అది కళ, ఇది పని' అని చెప్పే జవాబు మాత్రం అంత న్యాయమైనది కాదు. అసలు తేడా బట్టీ లోపల ఉంది.

పేర్ల తికమక

'సిరామిక్' అన్నది మట్టిని కాల్చి గట్టిపరిచిన ప్రతి వస్తువుకూ వర్తించే పేరు. కుమ్మరి చేసిన ప్రమిద, ఇటుక, స్నానాల గది గోడకు అతికించే పలక, టీ కప్పు అన్నీ సిరామిక్కే. వాటిని వేరు చేసేది కాల్చిన వేడి. మన కుండ, కడవ, మూకుడు, బాన సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ మధ్య కాలుతాయి. టెర్రకోట అనేది ఈ తరగతికి ఇటలీ భాష పెట్టిన పేరు, 'కాల్చిన మట్టి' అని దాని అర్థం. స్టోన్‌వేర్ 1200 నుంచి 1300 డిగ్రీల దాకా వెళుతుంది. పింగాణి అంతకన్నా కొంచెం పైకి పోతుంది, దానికి తెల్లని కయోలిన్ మట్టి కావాలి. కయోలిన్ అనే మాట కూడా చైనాలోని జింగ్‌దెజెన్ దగ్గరి గావోలింగ్ అనే కొండ పేరు నుంచి వచ్చింది.

ఈ తరగతులను మెట్లలా ఊహించి, కింది మెట్టు నాసిరకమనీ పై మెట్టు మేలురకమనీ అనుకోవడమే మొదటి పొరపాటు. ఏ పనికి ఆ వేడి.

మంట లోపల జరిగేది

పచ్చి కుండను ఆవంలో, అంటే కుమ్మరి బట్టీలో, పెట్టి వేడి పెంచుతున్నప్పుడు ముందుగా తడి పోతుంది. అంతవరకు అది నీళ్లలో వేస్తే తిరిగి బురదగా మారే మట్టే. 450 నుంచి 600 డిగ్రీల మధ్య మట్టి అణువుల్లో బంధించి ఉన్న నీరు కూడా వెళ్లిపోతుంది. ఆ గీత దాటాక వెనక్కి రావడం ఉండదు. ఎన్ని వానలు కురిసినా ఆ కుండ మళ్లీ మట్టి కాదు. పెంకుముక్కలు వేల ఏళ్లు భూమిలో నిలవడానికీ, పురావస్తు శాఖ వాటితో కాలాన్ని లెక్కగట్టడానికీ కారణం ఇదే. ఈ మధ్యలోనే 573 డిగ్రీల దగ్గర ఒక గండం ఉంది. మట్టిలోని ఇసుక, అంటే క్వార్ట్జ్ స్ఫటికం, ఆ వేడిలో ఉన్నట్టుండి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే చోట కుంచించుకుంటుంది. ఆ గండం దగ్గర తొందరపడితే కుండ పగులుతుంది. కుమ్మరులు ఈ అంకెను ఎన్నడూ చదవలేదు. అయినా మొదట సన్నమంట పెట్టి, ఆవాన్ని ఓ పట్టాన తెరవకుండా చల్లార్చే అలవాటు దాని కోసమే ఏర్పడింది.

900 డిగ్రీల లోపు ఆగిన కుండలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. నీళ్లు వాటి గుండా బయటికి ఊరి ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాక్కుపోతాయి. ఎండాకాలం కుండనీటి చల్లదనం అక్కడిది. అట్టికలో పులుసు కాచినా పగలకుండా పొయ్యి మీద నిలవడానికి కూడా ఆ రంధ్రాలే కారణం. వేడికి పుట్టిన నెర్రె ఏదో ఒక రంధ్రం దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. వేలు ఖరీదు చేసే స్టోన్‌వేర్ గిన్నెను నేరుగా గ్యాస్ మంట మీద పెడితే ఎక్కువసార్లు ఫటేల్మంటుంది. ఆ పనిలో సంత కుండదే పైచేయి.

స్టోన్‌వేర్ మేలు వేరే చోట ఉంది. 1200 డిగ్రీలు దాటాక మట్టిలోని కొంత భాగం కరిగి గాజుగా మారి రంధ్రాలను పూడ్చేస్తుంది. పాత్ర నీరు పీల్చదు, వాసన పట్టదు, పులుపుకు, ఉప్పుకు చెక్కుచెదరదు. దాని మీది గాజుపూత కూడా అదే వేడిలో కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఇక్కడ కొనేవారికి పనికొచ్చే సంగతి ఒకటుంది. తక్కువ వేడిలో మెరుపు తేవడానికి పూర్వం చాలా దేశాల్లో సీసం వాడేవారు. అలాంటి పూత ఉన్న పాత్రలో చింతపండు పులుసో నిమ్మకాయ రసమో నిలవ ఉంచితే పులుపుకు సీసం కరిగి తిండిలోకి దిగుతుంది. అలంకరణ కోసం చేసిన మెరుపు మూకుడులో పచ్చడి పెట్టకపోవడం మంచిది.

భారత గ్రామాల్లో మట్టి పనికి లోటు ఎన్నడూ లేదు. 1250 డిగ్రీలకు తీసుకెళ్లి అక్కడ నిలిపే బట్టీ విద్య మాత్రం అరుదు. చైనా, కొరియా, జపాన్‌లలో అది శతాబ్దాల పాటు పెరిగింది. కళాకారులు తూర్పు ఆసియా దారి పట్టడానికి మూలం ఈ ఖాళీలో ఉంది.

వెళ్లినవారు, తెచ్చినవి

హాంకాంగ్‌లో పుట్టిన ఆంగ్లేయుడు బెర్నార్డ్ లీచ్ 1909లో జపాన్ వెళ్లింది కుండలు చేయడానికి కాదు, లోహపు రేకు మీద గీసి ముద్రించే చిత్రకళ నేర్పడానికి. 1911లో ఒక విందులో అతిథుల చేత కుండల మీద బొమ్మలు వేయించి, గంటలోపే కాల్చి చేతికిచ్చే రాకు ప్రక్రియ చూశారు. దాంతో ఆయన దారి మళ్లింది. కెంజన్ అనే పాత కుమ్మరి పరంపరకు చెందిన గురువు దగ్గర పని నేర్చుకున్నారు. 1920లో హమదా షోజీ అనే జపాను కుమ్మరిని వెంటబెట్టుకుని ఇంగ్లండు చేరి, కార్న్‌వాల్ తీరంలోని సెయింట్ ఐవ్స్‌లో జపాను తరహా మెట్ల బట్టీ కట్టారు. పాశ్చాత్య దేశాల్లో అలాంటిది అదే మొదటిది.

ఈ కథను సాధారణంగా తూర్పు పడమరల కలయికగా చెబుతారు. కష్టాల వైపు నుంచి చూస్తే మరింత అర్థమవుతుంది. కార్న్‌వాల్ గాలి తీరంలో చెట్లు తక్కువ, మెట్ల బట్టీ మింగే కట్టెలు తక్కువ. సరైన మట్టి కోసం కొండా కోనా వెతకాల్సి వచ్చింది. మొదటి బట్టీ కొన్నేళ్లకే దెబ్బతింది. జపాన్ నుంచి వచ్చిన మత్సుబయాషి అనే నిపుణుడు దాన్ని తిరిగి కట్టాల్సి వచ్చింది. తొలి ఏళ్ల కాల్పుల్లో చాలా సరుకు పాడైంది. ఇంగ్లిష్ మట్టికీ, జపాను బట్టీకీ, అక్కడి పూతలకూ పొత్తు కుదరడానికి ఏళ్లు పట్టింది. జపాన్ తిరిగి వెళ్లిన హమదా మాత్రం మషికో అనే పల్లెలో స్థిరపడి, వంటింటి కుండలు చేసే ఆ ఊరి మట్టితోనే జీవితమంతా పనిచేశారు. 1955లో ఆ దేశం ఆయనను 'సజీవ జాతీయ నిధి'గా ప్రకటించింది. పాత్రల మీద సంతకం పెట్టడం ఆయన మానేశారు. ప్రదర్శనశాలల కాలంలో ఇది వింతే.

భారతదేశానికి ఈ దారి తెచ్చినవారు సర్దార్ గురుచరణ్ సింగ్. ఢిల్లీలో ఇటుకల పరిశ్రమలో ఉద్యోగం చేస్తూ నీలిపూత పని తెలిసిన పాత కుటుంబపు కుమ్మరి దగ్గర ఆ రుచి మరిగి, 1919లో జపాన్ వెళ్లారు. అక్కడ లీచ్, హమదాల బృందంతో స్నేహం కుదిరింది. 1952లో ఢిల్లీలో ఆయన స్థాపించిన కార్ఖానా తయారుచేసిన పాత్రలకు మాత్రం పాత ఢిల్లీ నీలిరంగే గుర్తింపు. జపాన్ నేర్పిన బట్టీ, ఢిల్లీ ఇచ్చిన రంగు. ఆ తర్వాత 1971లో పుదుచ్చేరిలో రే మీకర్, డెబోరా స్మిత్ అనే అమెరికన్ దంపతులు గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని మొదలుపెట్టారు. డెబోరా అంతకుముందు జపాన్‌లోని బిజెన్‌లో పని నేర్చుకున్నారు. దేశంలో నేడు పేరున్న స్టోన్‌వేర్ కళాకారుల్లో చాలామంది ఏదో ఒక దశలో ఆ ఆవరణలో మట్టి పిసికినవారే. మీకర్ మరో అడుగు వేసి, పచ్చి ఇటుకలతో మట్టి ఇల్లు కట్టి, ఆ ఇంటినే బట్టీగా మార్చి లోపలి నుంచి కాల్చే ప్రయోగాలు చేశారు. కాలిన ఆ ఇంట్లో మనుషులు కాపురం పెట్టారు.

లీచ్, గురుచరణ్ సింగ్, డెబోరా ముగ్గురి అనుభవాల్లోనూ విదేశం నుంచి వచ్చింది బట్టీ గురించిన జ్ఞానం. ఆకారాలు కూడా వచ్చాయి గానీ అవి అరువు బట్టల్లా కొన్నాళ్లే నిలిచాయి.

అందరూ కోరి వెళ్లినవారు కాదన్న సంగతీ గుర్తుంచుకోవాలి. 1592లో మొదలైన జపాన్ దండయాత్రల్లో కొరియా కుమ్మరులను బందీలుగా పట్టుకుపోయారు. వారిలో ఒకరు అరిత అనే ఊరి దగ్గర తెల్లమట్టి రాయిని గుర్తించడంతో జపాన్‌లో పింగాణి పని మొదలైందని చెబుతారు. వియన్నాలో పేరు తెచ్చుకున్న సిరామిక్ కళాకారిణి లూసీ రీ 1938లో నాజీల నుంచి తప్పించుకుని లండన్ చేరి, యుద్ధకాలంలో చొక్కా బొత్తాలు చేసి బతికారు. 'స్ఫూర్తి' అన్న మాట ఈ ప్రయాణాలకు మరీ సున్నితమైనది.

వేడి పెంచని దారి

ఈ పటంలో ఇమడని ఉదాహరణ మాగ్దలీన్ ఒడుండో అనే కళాకారిణి. 1950లో నైరోబీలో పుట్టి, 1971లో చదువు కోసం ఇంగ్లండు వెళ్లారు. అక్కడి మట్టి పని బడులన్నీ లీచ్ ప్రభావంలో స్టోన్‌వేర్ చుట్టూ తిరుగుతున్న కాలమది. మైకేల్ కార్డ్యూ అనే కళాకారుడి సలహా మీద ఆమె నైజీరియాలోని అబూజా శిక్షణ కేంద్రానికి వెళ్లారు. కార్డ్యూ ఒకప్పుడు స్టోన్‌వేర్ నేర్పడానికి స్థాపించిన కేంద్రమది. ఆమె మాత్రం అక్కడ లాడీ క్వాలీ వంటి మహిళా కుమ్మరుల దగ్గర, చక్రం లేకుండా చేత్తో కుండ లేపే పద్ధతి పట్టుకున్నారు. ఆ లాడీ క్వాలీ బొమ్మ నేడు నైజీరియా 20 నైరాల నోటు మీద ఉంది.

ఒడుండో పాత్రలకు గాజుపూత ఉండదు. సన్నని ఎర్రమట్టి నీళ్లు పూసి, నున్నని రాయితో రుద్ది మెరుపు తెస్తారు. మొదటిసారి గాలి ఆడేలా కాలిస్తే అవి నారింజ ఎరుపు తేలుతాయి. రెండోసారి మూసిన పెట్టెలో చెక్కపొట్టు పొగ మధ్య కాలిస్తే నల్లబడతాయి. రసాయనం చాలా సులభం. మట్టిలోని ఇనుముకు ఆమ్లజని అందితే ఎరుపు, అందకపోతే నలుపు. ఆ పైన పొగలోని కర్బనం రంధ్రాల్లో దిగి నలుపును ముదురు చేస్తుంది.

ఇది కుమ్మరులకు తెలియని విద్యేమీ కాదు. ఒకే చెరువు మట్టితో ఎర్రకుండ, నల్లకుండ రెండూ చేయడానికి వారు చేసేది ఇదే. చివర్లో ఆవాన్ని తడి గడ్డితో, మట్టితో మూసి పొగను లోపలే కుక్కుతారు. ఈ సంగతిని బట్టి చూస్తే, సిక్కోలు నుంచి వెళ్లిన కళాకారులు తిరిగి వచ్చి కచ్చితంగా స్టోన్‌వేర్ చేయాలన్న నియమం ఏదీ లేదు. వేల మైళ్లు వెళ్లి వచ్చి సొంత ఆవం ముందే కూర్చోవచ్చు. అయితే అలా కూర్చున్న మనిషికి ఆవం ఏ అంకె దగ్గర ఏం చేస్తుందో తెలుసు. కావాలనుకున్న నలుపు కావాలనుకున్న చోట వస్తుంది.

చెక్కా రాయీ

దక్షిణ భారత కుమ్మరి పెద్ద కుండను సారె, అంటే కుమ్మరి చక్రం, మీద పూర్తిగా చేయడు. మూతి, మెడ సారె మీద తీర్చి, అడుగు తెరిచి ఉన్న మందపాటి ఆకారాన్ని కోసి దించుతాడు. కొంచెం ఆరాక లోపల నున్నని రాయి ఆనించి, బయట చెక్కతో తడుతూ, గోడను పలచన చేస్తూ, అడుగు మూస్తాడు. ఇలా తట్టడం వల్ల మట్టి కణాలు దగ్గరగా అణిగి గోడ పలచనైనా బలంగా ఉంటుంది. 'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు' అనే సామెత గుదియ, అంటే దుడ్డుకర్ర, బలాన్నే చెబుతుంది. కుమ్మరి దగ్గర చెక్కపెట్టు కుండను పగలగొట్టదు, నిలబెడుతుంది. సామెత రెండో సగం కుమ్మరిని అడిగి రాసినట్టు లేదు.

కొరియాలో ఒంగీ అనే పెద్ద నిలవ జాడీల గోడలను కూడా ఇలాగే తడతారు. లోపల ఆనకం, బయట చెక్క. కిమ్చీ, సోయా ముద్ద పులియబెట్టడానికి వాడే ఆ జాడీల పనిని ప్రభుత్వం సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది, ఆ పని తెలిసిన పెద్దలకు బిరుదు ఇచ్చి శిష్యులను పెట్టింది. చీపురుపల్లి వైపు తాత చేతిలో రోజూ చూసి పట్టించుకోని పనిముట్టును కొరియా మ్యూజియంలో గాజు వెనక చూసిన విద్యార్థికి ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. విదేశవాసపు రెండో లాభం ఇదే. కొత్తది నేర్పడమే కాక, పాతదానికి విలువ కట్టే కొలతబద్దను మారుస్తుంది. ఈ లాభానికి ఒక మెలిక కూడా ఉంది. సొంత ఊరి పనికి పరాయి గౌరవం కావలసి రావడం ఆ ఊరి గురించి కూడా కొంత చెబుతుంది.

రంగం దారిలో ఒక జాడీ

ఉత్తరాంధ్రకు పరదేశం కొత్త కాదు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ రేవుల నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లిన కూలీలు, చిల్లర వర్తకులు ప్రతి పల్లెలోనూ ఉండేవారు. 'రంగం వెళ్లాడు' అంటే బర్మా వెళ్లాడని అర్థం. ఆ రంగూన్‌కు తూర్పున, అదే సముద్రపు మలుపులో మార్తబాన్ రేవు ఉంది. గాజుపూత పూసిన పెద్ద జాడీలకు హిందూ మహాసముద్రమంతటా ఆ రేవు పేరే స్థిరపడింది. ఉత్తరాదిన ఇప్పటికీ పచ్చడి జాడీని 'మర్తబాన్' అంటారు. 14వ శతాబ్దంలో ఈ సముద్రాలు తిరిగిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, ఓడ ప్రయాణానికి అల్లం, మిరియాలు, నిమ్మ, మామిడి ఉప్పులో ఊరేసి మార్తబాన్లలో నింపుకునేవారని రాశారు.

ఆవకాయకు జాడీయే ఎందుకు? మామూలు కుండలో పెడితే ఉప్పునీరు రంధ్రాల్లోకి దిగి, ఆరినప్పుడు స్ఫటికాలుగా పెరిగి, లోపలి నుంచి గోడను నెట్టి పొట్టు రాలుస్తుంది. నూనె బయటికి ఊరుతుంది. రంధ్రాలు మూసుకుపోయిన స్టోన్‌వేర్‌కు ఆ బాధ లేదు. ఇలా చూస్తే ప్రతి తెలుగు వంటింట్లో ఒక స్టోన్‌వేర్ పాత్ర ఎప్పటినుంచో ఉంది. అది మన కుమ్మరి ఆవంలో పుట్టలేదు. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జా వంటి చోట్ల కార్ఖానాల నుంచో, సముద్రం మీది నుంచో వచ్చింది. తెలుగు నేల మీద స్టోన్‌వేర్ చేసే కళాకారులు పరాయి వస్తువును తెస్తున్నారన్న విమర్శకు అటక మీది జాడీయే సమాధానం.

ఎదురు దిశలోనూ ప్రయాణం జరిగింది. వంశధార ఒడ్డున, కళింగపట్నం రేవుకు ఎగువన ఉన్న శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని 1919లో గిడుగు వెంకట రామమూర్తి వెలుగులోకి తెచ్చారు. అక్కడి తవ్వకాల్లో దొరికిన పెంకుల్లో పురావస్తు పరిశోధకులు 'రౌలెటెడ్' అని పిలిచే రకం ఉంది. పళ్లెం అడుగున సన్నని చుక్కల వలయాలు చెక్కి ఉండే నల్లని నునుపు పాత్ర అది. అదే రకం పెంకులు ఇండోనేషియాలోని బాలి తీరంలోనూ దొరికాయి. రెండు వేల ఏళ్ల కిందట ఈ తూర్పు తీరపు రేవులను కలిపిన ఓడల్లో మట్టి పళ్లేలు కూడా ఎక్కాయి.

సిక్కోలు మట్టి 1250 డిగ్రీల దగ్గర

స్టోన్‌వేర్ నేర్చి తిరిగి వచ్చినవారికి మొదటి ఎదురుదెబ్బ ఇక్కడ తగులుతుంది. నాగావళి, వంశధార, చంపావతి ఒండ్రులో, చెరువు బంకలో ఇనుము పాలు ఎక్కువ. మట్టి ఎర్రగా కాలేది దానివల్లే. ఇనుము రంగు ఇవ్వడంతో ఆగదు, మట్టిని త్వరగా కరిగిస్తుంది కూడా. 1100 డిగ్రీలు దాటేసరికి ఆ మట్టి పొంగి, బుడగలు కట్టి, వంగి, చివరికి బట్టీ అరమీద ముద్దగా కూలుతుంది. జపాన్‌లో చేతికి అలవాటైన కొలతలన్నీ ఆ ఒక్క కాల్పుతో పనికిరాకుండా పోతాయి.

దీనికి ఒక విరుగుడు పేలని, కరగని మట్టిని కలపడం. ఏలూరు వైపు ద్వారకా తిరుమల పరిసరాల్లో తెల్ల బంకమట్టి ఉంది, నెల్లూరు వైపు గూడూరు ప్రాంతంలో ఫెల్‌స్పార్, క్వార్ట్జ్ అనే ఖనిజాలు దొరుకుతాయి. తూర్పు కనుమల కొండలకు వెన్నెముక వంటి రాయి ఖోండలైట్, ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. అది శిథిలమైన చోట తెల్లగా, పసుపుగా బంక ఏర్పడుతుంది. ఎక్కడి బంక ఎంత వేడికి ఆగుతుందో కాల్చి చూడనిదే తెలియదు.

రెండో విరుగుడు సమస్యను తిరగేసి చూడడం. కుండగా నిలవలేని మట్టి పూతగా పనికిరావచ్చు. అమెరికాలో హడ్సన్ నది ఒడ్డున ఆల్బనీ దగ్గర తవ్విన ఒండ్రు, స్టోన్‌వేర్ వేడిలో దానంతటదే కరిగి నిగనిగలాడే గోధుమ నలుపు గాజుగా మారేది. 19వ శతాబ్దపు అమెరికన్ జాడీల లోపలి పూత చాలావరకు అదే. వంశధార ఒండ్రును నీళ్లలో కలిపి, గుడ్డలో వడగట్టి, తెల్లమట్టి పాత్ర మీద పూసి 1250 దాకా తీసుకెళితే అదే కుటుంబపు రంగు వచ్చే అవకాశం బాగా ఉంది. జపాన్ వారు తెన్మొకు అని పిలిచే ప్రసిద్ధమైన నల్లపూత కూడా ఇనుము నిండిన పూతే. ఆ పేరు నిజానికి చైనాలోని తియెన్‌ము కొండది. అక్కడి ఆశ్రమాల్లో చదువుకున్న జపాను భిక్షువులు టీ గిన్నెలతో పాటు కొండ పేరునూ ఇంటికి తెచ్చుకున్నారు.

ఊక సంగతి ఇంకా ఆసక్తికరం. హమదా వాడిన తెల్లని మసక పూతను 'నుక' అంటారు. వరి పొట్టు, తవుడు బూడిద అందులో ముఖ్యం. వరిపొట్టు కాలిస్తే మిగిలే బూడిదలో సుమారు 90 శాతం సిలికా, అంటే గాజుకు ముడిసరుకు. జపాను నుకకూ మన నూకకూ చుట్టరికం లేదు, చెవికి మాత్రం చుట్టాల్లాగే వినిపిస్తాయి. సిక్కోలు రైసుమిల్లుల వెనక గుట్టలుగా పడి ఉండే ఆ ఊక, తీరమంతా పెరిగే సరుగుడు కట్టె బూడిద, కొంత ఫెల్‌స్పార్ కలిస్తే పూతకు కావలసినవి దాదాపు సమకూరినట్టే. ఊక బూడిద గాజును ఇస్తుంది, కట్టె బూడిదలోని సున్నం, పొటాష్ దాన్ని కరిగిస్తాయి.

విజయనగరం వైపు గరివిడి, చీపురుపల్లి నేల మాంగనీసుకు పెట్టింది పేరు. పూతలో అది ఊదా, గోధుమ, నలుపు రంగులను ఇస్తుంది. దాని పొడి, పొగ నరాల మీద పనిచేస్తాయి కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకోవడంతో సరిపోదు, సరైన ముసుగు, గాలి ఆడే బట్టీ గది కావాలి. తీరపు నల్ల ఇసుకలోని ఇల్మనైట్ పూతలో చుక్కలు పుట్టిస్తుంది, జిర్కాన్ తెలుపును చిక్కబరుస్తుంది. కానీ ఆ ఇసుక అణు ఖనిజాల నిబంధనల కిందికి వస్తుంది, బస్తాతో వెళ్లి ఎత్తుకొచ్చే సరుకు కాదు. పలాస జీడిపిక్కల పొట్టు మంటకు బలమైనదే, దానిలోని నూనె వల్ల పొగ ఘాటు భరించడం కష్టం. ఊరి మధ్య బట్టీకి అది పనికిరాదు.

వాతావరణాన్నీ లెక్కలో వేసుకోవాలి. చలిదేశాల్లో తడి కుండ గడ్డకట్టి పగలకుండా కాపాడుకోవాలి. ఇక్కడ తుపాను గాలికి ఒక పక్క త్వరగా ఆరి, రెండో పక్క చెమ్మగా ఉండి కుండ వంకరపోతుంది. అందుకే కుమ్మరులు వానాకాలం ఆవం జోలికి పెద్దగా పోరు, సంక్రాంతి దాటాక పని అందుకుంటారు. గ్యాస్ బట్టీ ఉన్నంత మాత్రాన ఈ పంచాంగం మారదు.

కళాకారులు, కుమ్మరులు

పరదేశం వెళ్లి వచ్చినవారి వల్ల స్థానిక కుమ్మరులకు మేలు జరుగుతుందన్న ఆశ తరచూ వినిపిస్తుంది. దానంతటదే జరగదు. స్టూడియో కళాకారుల్లో ఎక్కువమంది లలితకళల కళాశాలల నుంచి వచ్చినవారు, కుమ్మరం కులవృత్తిగా పుట్టుకతో వచ్చిన పని. చాలాచోట్ల కుమ్మరి ఇళ్లలో స్త్రీలు మట్టి తొక్కుతారు, పిసుకుతారు, తడతారు, రంగులు వేస్తారు, సారె మాత్రం తాకరు. స్టూడియోల్లో అదే సారె మీద స్త్రీలు ముందు వరుసలో ఉన్నారు. ఈ రెండు లోకాల సరుకు కొనేవారూ వేరే. పెళ్లికి ఐరేణి కుండలు, అమ్మవారి పండుగకు ఘటాలు, దీపావళికి ప్రమిదలు కావలసినవారు కుమ్మరి ఇంటికి వెళతారు. కప్పులు, పూలకూజాలు కావలసినవారు విశాఖ, హైదరాబాదు ప్రదర్శనల్లో వెతుకుతారు.

ధరల తేడాకు కారణం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. స్టోన్‌వేర్ రెండుసార్లు కాలుతుంది. రెండోసారి మంట మొదటిసారి వేడి కన్నా మూడు నాలుగు వందల డిగ్రీలు ఎక్కువ. ఆ చివరి వందల డిగ్రీలకు అయ్యే ఇంధనమే అసలు ఖర్చు. పూత కారి అరకు అతుక్కున్న పాత్ర, మూత పట్టని కూజా, నెర్రె పట్టిన పళ్లెం అన్నీ అమ్ముడయ్యే కప్పు ధరలో కలుస్తాయి. కుమ్మరి నష్టం మాత్రం కుండ ధరలో కలవదు. ఆవంలో పగిలింది పగిలినట్టే, సంతలో బేరం బేరమే. ఖాదీ గ్రామోద్యోగ సంఘం 2018 నుంచి కుమ్మరులకు కరెంటు సారెలు పంచుతోంది. సారె తిప్పే శ్రమ తగ్గింది, ఆవం అలాగే ఉంది. ఈ వ్యాసంలో చెప్పుకున్న దాన్నిబట్టి, మంట దగ్గర సాయం చేయని పథకం సగం దూరమే వెళుతుంది.

పొందూరు ఖాదీకి, బుడితి కంచుకు, బొబ్బిలి వీణకు పేరు వచ్చినట్టు ఈ రెండు జిల్లాల కుండకు రాకపోవడానికి ఒక కారణం దాని స్వభావమే. వీణను దాచుకుంటారు, కుండను వాడి పారేస్తారు.

తిరిగి వచ్చిన మొదటి ఏడాది

విదేశీ శిక్షణ తర్వాత సొంత ఊళ్లో పని మొదలుపెట్టేవారు మొదటి ఏడాది పాత్రలు చేయరు, కడ్డీలు చేస్తారు. అయిదారు చెరువుల నుంచి, రెండు మూడు ఏటి ఒడ్డుల నుంచి మట్టి తెచ్చి, ఎండబెట్టి, దంచి, నానబెట్టి, వడగట్టి, వేలెడు మందాన పట్టీలుగా పరుస్తారు. ప్రతి పట్టీ మీద సరిగ్గా పది సెంటీమీటర్ల గీత గీసి, ఏ మట్టో ఒక గుర్తు గుచ్చుతారు. ఆరాక ఆ గీత ఎంత కుంచించుకుందో కొలుస్తారు. 900 దగ్గర కాల్చి మళ్లీ, 1100 దగ్గర మళ్లీ, 1250 దగ్గర మళ్లీ కొలుస్తారు. కాలిన ముక్కను తూచి, నీళ్లలో మరిగించి, తుడిచి మళ్లీ తూస్తే ఎంత నీరు పీల్చిందో తెలుస్తుంది. రెండు ఇటుకల మధ్య వంతెనలా పెట్టి కాల్చిన కడ్డీ నడుము ఎంత వంగితే ఆ మట్టి అంత త్వరగా మెత్తబడుతున్నట్టు లెక్క.

ఆ ఏడాది చివర అరమీద మిగిలేవి కొన్ని వందల మట్టిపట్టీలు, ఒక నోటుపుస్తకం. పట్టీల్లో కొన్ని ఎర్రగా, కొన్ని చాక్లెట్ రంగులో, కొన్ని కరిగి అరకు అంటుకుపోయి ఉంటాయి. అంటుకుపోయిన వాటిని ఉలితో గీకి తీసేటప్పుడు కింద మిగిలిన నల్లని మెరుపు మరక ఏ ఏటి ఒండ్రుదో, పుస్తకం తెరిచి ఆ వరుస పక్కన 'పూతకు చూడాలి' అని రాసుకుంటారు.